పద్మనాభ తెచ్చిన ఫ్యాను

తొమ్మిదో భాగం

పోయిన వారం వరప్రసాదాన్ని మనం షెడ్డు గేటు ముందర వదిలిపెట్టి వచ్చాం. ఒక చేతిలో తాళంచెవి, ఇంకో చేతిలో బైబిలు సంచి. ఆయన అక్కడికి ఎందుకొచ్చాడో మరిచిపోయినవాళ్ళ కోసం, ఈ వారమే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు మాటలు.

ఎమ్మిగనూరు ఓబులమ్మకు ఒక్కడే కొడుకు, పద్మనాభ. వరిమడి కౌలుకిచ్చి, టిప్పర్ కొనుక్కుని, దోణిమలై పక్క నుంచి ఇనుపరాయి తోలేవాడు. ఇరవై రెండు రోజుల కిందట రాయి దించుతూ ఉండగా వెనక తలుపు ఇరుక్కుంటే విడిపించడానికి పోయాడు. పైకి లేచి ఉన్న తొట్టి, వెనక కీలు దగ్గర వెల్డింగు ఊడి, జారి అతని మీద పడింది. ఆ కీలు అతికింది హోస్పేట రోడ్డులో ప్రశాంత్ షెడ్డులో. అతికింది మనిషి కాదు, కొత్తగా తెచ్చిన రోబో. దాన్ని నడిపింది వెల్డరు వరప్రసాదం కూతురు క్రిస్టీ. మార్చి పదకొండున వోల్టేజి ఇరవై నాలుగు నుంచి ఇరవై ఏడుకు మారిందని, మార్చింది క్రిస్టీ అని మిషను తన జ్ఞాపకంలో రాసిపెట్టుకుంది. కీలు అతికింది పన్నెండున. సోమవారం పది గంటలకు ఆ రాత తీసిన కాగితం పోలీసు స్టేషనుకు పోతుందని యజమాని ప్రశాంత్ తేల్చి చెప్పాడు. "ఒక్క ఆదివారం ఇయ్యి ప్రశాంతప్పా" అని అడిగి తాళంచెవి తెచ్చుకున్నాడు వరప్రసాదం.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆదివారం పూట ఆయన వెల్డింగు ముట్టుకోలేదు. భార్య హన్నా బతికి ఉన్నప్పుడు ఆ మాట మీద ఇద్దరికీ గట్టి పట్టుదల. ఈ రోజు ఆరాధన అయిపోయాక, పాస్టరుగారి చెయ్యి కూడా పట్టుకోకుండా నేరుగా ఇటు వచ్చేశాడు. గేటు తాళం తీస్తూ, "ఒక్కపూట ఓర్చుకో హన్నా" అనుకున్నాడు.

రోడ్డు మీద మాత్రం లారీలకు ఆదివారం లేదు. ఒకదాని వెనక ఒకటి ఎర్రదుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. బైబిలు సంచి మీద అప్పుడే సన్నటి ఎర్రపొడి పరుచుకుంది. దాన్ని తుడిచి, దుమ్ము తగలని చోటు చూసి, పనిముట్ల బీరువా పైన పెట్టాడు.

క్రిస్టీ ఆయన వెనకే వచ్చింది. చర్చికి వేసుకున్న తెల్ల చుడీదారు ఒంటి మీదనే ఉంది. చున్నీ నడుముకు బిగించుకుంది. ఈ ఇరవై రెండు రోజుల్లో ఆ పిల్ల బుగ్గలు లోపలికి పోయాయి. అన్నం ముందు కూర్చుంటే నాలుగు మెతుకులు కెలికి లేచిపోతోంది.

"ఏంటికి నాయనా ఇదంతా? నెంబరు నేనే మార్చినా. నా పేరే ఉండాది. మిషను అబద్ధం చెప్తాదా?"

"మిషను అబద్ధం చెప్పదమ్మా. అడిగిందానికే జవాబు చెప్తాది. మనం ఇంకేదన్నా అడిగి సూడాల."

ఇనుప జాలీ కంచె లోపల రోబో తల వంచుకుని నిల్చుని ఉంది, మాట పడ్డ కొత్తకోడలు మాదిరి. క్రిస్టీ మీటల పలక చేతిలోకి తీసుకుంది. వరప్రసాదం కీలుకు వాడే మందం ఇనుప ముక్కలు రెండు తెచ్చి, ఒకదాని మీద ఇంకొకటి నిలువుగా నిలబెట్టి బిగించాడు.

"మొదుట పాత నెంబరు పెట్టు. ఇరవై నాలుగు."

రోబో చెయ్యి వచ్చింది. నీలం వెలుగు రాలింది. చెయ్యి వెనక్కి పోయింది. ముక్క చల్లారేదాకా ఆగి, వరప్రసాదం దాన్ని వైసు దవడల మధ్య బిగించి సుత్తి ఎత్తాడు. పదకొండు దెబ్బలకు గాని వెల్డు తెగలేదు. తెగిన చోట వెండిలాగా మెరిసింది. ఒక్క కన్నం లేదు.

"ఇప్పుడు ఇరవై ఏడు. నువ్వు ఆపొద్దు పెట్టిన నెంబరు అచ్చంగా పెట్టు."

క్రిస్టీ మీట మీదికి వేలు తెచ్చి వెనక్కి తీసుకుంది. "నాకు భయమైతాంది నాయనా."

"నేనుండా. నొక్కు."

రెండో ముక్క. సుత్తి మొదటి దెబ్బ పడగానే క్రిస్టీ కళ్ళు మూసుకుంది. రెండు, మూడు, నాలుగు. ముక్క లొంగలేదు. ఏడు, ఎనిమిది. పదో దెబ్బకు తెగింది. వరప్రసాదం దాన్ని వెలుతురులోకి తీసుకుపోయాడు. పోయిన నెలలో పొర తీయించుకున్న కన్ను ఆ ఎండకు నీరు కారింది. అయినా చూశాడు, తిప్పి చూశాడు. నున్నగా, గట్టిగా, లోపలంతా ఒకటే లోహం.

ఆయన అక్కడే వైరు చుట్టల మీద కూలబడ్డాడు.

"నెంబరు కాదు తల్లీ. నీది కాదు."

క్రిస్టీ నమ్మలేదు. ముక్క తీసుకుని తానే చూసింది. గోటితో గీకింది. "ఇంకోసారి చేద్దాం" అంది. గొంతులో ఇన్నాళ్ళకు ప్రాణం వచ్చింది. ఆ గొంతు విని వరప్రసాదం లోపల దేవుడికి దండం పెట్టుకున్నాడు. మనిషికి ఇంతకన్నా పెద్ద కనికరం ఏం కావాలి?

ఏప్రిలు ఎండ రేకుల కప్పు మీద కాలుతోంది. పలక మీద వంగిన క్రిస్టీ గడ్డం కొసన చెమట బొట్టు నిలిచి, జారి, మీటల మీద పడింది. ఇంకోటి నిలిచింది. వరప్రసాదం అది చూడలేక లేచి, కంచె పక్కనున్న నిలువు ఫ్యాను దగ్గరికి పోయి, దాని తల కూతురి పక్కకు తిప్పి, మీట నొక్కాడు.

ఆయన అంతగా ఆలోచించి చేసిన పని కాదు. బిడ్డకు చెమట పడితే ఏ తండ్రి చెయ్యి అయినా ఫ్యాను మీదికే పోతుంది.

మూడో ముక్క మీద నీలం వెలుగు రాలింది. ఎప్పుడూ నేరుగా పైకి లేచే తెల్లపొగ ఈసారి పక్కకు వంగి పోయింది. వరప్రసాదం కళ్ళు పొగను చూశాయి. మనసు ఇంకా చూడలేదు. ముక్క చల్లారింది. పైకి చూస్తే వెల్డు అందంగా, వెడల్పుగా, మొదటి రెంటికన్నా నున్నగా ఉంది. వైసులో పెట్టి కొట్టాడు.

ఒకటి. రెండు. మూడో దెబ్బకు ముక్క విరిగి ఎగిరిపడి, కంచెకు తగిలి కింద పడింది.

క్రిస్టీ తీసి ఇచ్చింది. తెగిన చోటంతా కన్నాలు. పెనం మీద కాలే దోసెకు పడినట్టు, చిన్నవీ పెద్దవీ, ఒకదాని పక్కన ఒకటి.



వరప్రసాదం ముక్కను చూశాడు. ఫ్యానును చూశాడు. పొగ వంగిన సంగతి అప్పుడు మనసుకు అందింది. ముప్పై ఒక్క ఏళ్ళు చేత్తో వెల్డింగు చేసినవాడు ఆయన. మంట చుట్టూ గ్యాసు ఒక తెర మాదిరి నిలబడుతుందని, గాలి వీస్తే ఆ తెర చెదిరి కరిగిన ఇనుములో బుడగలు చేరతాయని ఆయనకు తెలియంది కాదు. గాలి ఏ పక్క నుంచి వస్తే ఆ పక్కకు వీపు పెట్టి కూర్చోవడం ఒంటికే అలవాటైపోయింది. ఆలోచించనక్కర్లేదు, వీపే తిరిగేది. రోబోకు వీపు లేదు.

"మొదుట్లో పైన సన్న కన్నాలు కనపడతా ఉండె నాయనా," అంది క్రిస్టీ. ఆమె గొంతు మళ్ళీ చిన్నదైపోయింది. "వైరు చెమ్మ పట్టిందేమో అనుకుంటి. వోల్టేజి పెంచితే పైన నున్నగా వచ్చ. బాగైపోయింది అనుకుంటి. లోపల మూసుకుపోయినాయని నాకేం తెలుసు? నువ్వు ఆసుపత్రిలో ఉంటివి."

"పెంచితే మంట పొడుగైతాది. పొడుగు మంటకు గాలి ఇంకా బాగా తగుల్తాది. గాలి లేకపోయింటే ఇరవై ఏడైనా ఏమీ అయ్యుండదు. ఇందాక సూస్తిమి గదా." ఆయన ఆగాడు. "ఆ కన్నాలు ఎప్పుడి నుంచి?"

క్రిస్టీ కూడా ఫ్యానునే చూస్తోంది. దాని స్తంభం మీద పసుపు బొట్టు, దాని మధ్యలో కుంకుమ చుక్క ఇంకా చెరగలేదు.

"తొమ్మిదో తేదీ నుంచి," అంది చివరికి. "పద్మనాభన్న ఫ్యాను తెచ్చినప్పటి నుంచి."

ఆ కథ వరప్రసాదం ఆసుపత్రి నుంచి వచ్చాక క్రిస్టీయే నవ్వుతూ చెప్పింది. పద్మనాభ కీలు చూపించి, అతుకుకు రోజు చెప్పించుకోడానికి టిప్పరు తెచ్చాడట. రోబో పెట్టెకు చల్లగాలి మిషను బిగించి ఉండటం, పిల్ల చెమటలు కారుతూ నిల్చుని ఉండటం చూశాడట. "ఏంది ప్రశాంతప్పా, ఇనపదానికి ఏసీ పెడ్తివి, ఆడపిల్లకు ఇసనకర్ర కూడా ఇయ్యకపోతివి! ఇది అత్త, ఆ పిల్ల కోడలా?" అని షెడ్డంతా నవ్వేట్టు అన్నాడట. ఊరికే అని పోయే మనిషి కాదు. మర్నాడు కౌల్ బజార్లో బేరమాడి ఫ్యాను కొన్నాడు. కొన్న వస్తువుకు ఇంట్లో బొట్టు పెట్టనిదే వాడకూడదని ఎమ్మిగనూరు తీసుకుపోయి, తల్లితో పసుపు కుంకుమ పెట్టించి, టిప్పరు క్యాబిన్లో పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చి, తానే బిగించి, తలను క్రిస్టీ పక్కకు తిప్పి పోయాడు. మూడు రోజుల తర్వాత ఆ గాలిలోనే అతని టిప్పరు కీలు అతుకు పడింది.

వరప్రసాదం ఫ్యాను ఆపాడు. మంచి ముక్క కుడి జేబులో, కన్నాల ముక్క ఎడమ జేబులో వేసుకున్నాడు. రేపు పది గంటలకు ఈ రెండూ బల్ల మీద పెడితే చాలు, కూతురు బయటపడుతుంది. దాంతోపాటే ఇంకో మాట కూడా పెట్టాలి: ఫ్యాను ఎవరిది?

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగిన చప్పుడైంది.

"ప్రసాదప్పా! ఉండావా లోపల?"

ఓబులమ్మ గొంతు. తండ్రీ కూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఓబులమ్మ ఎర్రంచు నూలు చీర కొంగు తలమీదికి లాక్కుని, చేతిలో స్టీలు క్యానుతో లోపలికి వచ్చింది. వరప్రసాదం కన్నా రెండేళ్ళు పెద్దది. కొడుకు పోయినప్పటి నుంచి ఎవరి ముందరా ఏడవలేదని ఎమ్మిగనూరంతా చెప్పుకుంటోంది.

"ఇంటికి పోతి. పక్కింటోళ్ళు షెడ్డుకు పోయినారనిరి. ఆదివారం మీరు పని చెయ్యరని నా కొడుకు చెప్తావుండె. ఏందప్పా, మీ దేవుడు బేజారు చేసుకోడా?"

"చేసుకుంటే నేను సర్ది చెప్పుకుంటాలే అక్కా. కూచో."

ఓబులమ్మ కూర్చోలేదు. క్యాను మూత తీసి, క్రిస్టీ చేతికి ఇచ్చింది. "మజ్జిగ. తాగు. దినామూ పెద్ద క్యాను పట్టుకపోతావుండె వాడు. ఎందుకురా ఇంత అంటే, ఆడ ఒక చెల్లెలుండాదిమా, ఇద్దరికీ అంటావుండె. ఏం సన్నగైపోయినావు క్రిస్టమ్మా? తాగు, సుమ్నె ఊరికే పట్టుకొని నిలబడాకు."

క్రిస్టీ ఒక గుక్క తాగింది. క్యాను రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఓబులమ్మ చూపు ఫ్యాను మీద పడింది. మెల్లిగా దాని దగ్గరికి పోయింది. తాను పెట్టిన బొట్టును వేలితో తాకింది. చెరగకుండా, అంటీ అంటనట్టు.

"ఇది ఏంటికి ఆపినారు, ఇంత ఎండలో?"

ఆమే వెతికి మీట నొక్కింది. గాలి క్రిస్టీ చున్నీని ఎగరేసింది. ఓబులమ్మ కొంచెం సేపు ఆ గాలిలో చెయ్యి పెట్టి నిల్చుంది, చిన్నపిల్లవాడి తల నిమురుతున్నట్టు.

"దీన్ని ఆపాకు క్రిస్టమ్మా. నువ్వు ఈ గాల్లో కూచుని పని చేస్తావుంటే, వాడు యాడున్నా వానికి సల్లగుంటాది. నాకు ఇంకేం వద్దు."

వరప్రసాదం ఎడమ జేబులో చెయ్యి పెట్టుకున్నాడు. కన్నాల ముక్క అంచు అరచేతికి గుచ్చుకుంది. పోనీ అని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"అక్కా, ఈడికి ఏంటికొచ్చినావో చెప్పలేదు."

ఓబులమ్మ ఇటు తిరిగింది. ఇంతవరకూ ఉన్న ముఖం కాదు అది.

"రేపు నన్నూ స్టేషనుకు రమ్మన్నారంట. ఆడ పదిమంది ముందర ఏం వినాల్నో ముందే నీ నోట విందామని వచ్చినా. నువ్వు అబద్ధం చెప్పవు అని వాడు అంటావుండె. ఊర్లో ఏమంటాండారో తెల్సునా? ఆశకు పోయి రాయి ఎక్కువేసినాడంట. తన సావు తానే తెచ్చుకున్యాడంట. మా మరిదే అన్యాడు, నా ఇంట్లో కూచోని, నా సేతి కాఫీ తాగతా. ఇరవై రెండు దినాలు ఆ మాట నా సెవుల్లో తిరగతానే ఉండాది." ఆమె కొంగు తలమీదికి మళ్ళీ లాక్కుంది. "నువ్వు పనోడివి. నీకు తెల్సు. చెప్పప్పా. నా కొడుకు తన సావు తాను తెచ్చుకున్యాడా?"

ఫ్యాను తిరుగుతోంది.

లేదక్కా అనాలి. బరువు ఎక్కువ వెయ్యలేదు, తూకం చీటీ తాను కళ్ళారా చూశాడు. ఆ మాట నిజం. కాని ఆ తర్వాత ఆమె అడుగుతుంది. మరి ఎట్ల ఊడింది అని అడుగుతుంది. అప్పుడు? నీ కొడుకు మంచివాడక్కా, ఆ మంచితనమే... ఆ వాక్యాన్ని ఆయన మనసులో కూడా పూర్తి చెయ్యలేకపోయాడు. హన్నా పోయిన ఏడు, ఆసుపత్రికి ఒక గంట ముందు తీసుకొచ్చింటే అని ఒక డాక్టరు నోరు జారాడు. ఆ గంట ఇవాళ్టికీ ఆయన గుండెలో గడిచిపోలేదు. అట్లాంటి గంటను తీసుకుపోయి ఇంకో మనిషి చేతిలో ఎట్లా పెట్టేది?

పెట్టకపోతే రేపు పది గంటలకు కూతురు.

"అక్కా..." అన్నాడు.

"తప్పు నాదే అమ్మా!"

క్రిస్టీ. క్యాను కింద పెట్టేసింది. రెండడుగులు ముందుకు వచ్చి తండ్రికీ ఓబులమ్మకూ మధ్యన నిలబడింది.

"అన్న ఏం తప్పూ చెయ్యలే. రాయి ఎక్కువెయ్యలే. నేనే నెంబరు మార్చినా. తెలీక మార్చినా. వెల్డింగు లోపల కన్నాలు పడినాయి. రేపు స్టేషన్లో ఇదే చెప్తా. మీ మరిదికి కూడా చెప్పండి, పద్మనాభన్న తప్పు గింజంత కూడా లేదని చెప్పండి."

"క్రిస్టీ!" అన్నాడు వరప్రసాదం.

"నువ్వు ఊరికే ఉండు నాయనా. సాకు, ఇంక చాలు."

అరగంట కిందట గొంతులో ప్రాణం వచ్చిన పిల్ల. మళ్ళీ దాన్ని తన చేత్తోనే ఇచ్చేస్తోంది. వరప్రసాదానికి కోపం రావలసింది. రాలేదు. హన్నా కూడా ఇంతే కదా, మనిషి బాధపడుతుంటే చూడలేక ముందు తన చెయ్యి అడ్డం పెట్టేది అనుకున్నాడు. గుండె బరువుతో, ఒకింత గర్వంతో నిలబడ్డాడు.

ఓబులమ్మ క్రిస్టీని చూస్తూ ఉండిపోయింది. చెయ్యి ఎత్తుతుందేమో, శాపనార్థాలు పెడుతుందేమో అని క్రిస్టీ తల వంచుకుని ఎదురుచూసింది. ఎంతసేపటికీ ఏమీ పడలేదు.

"క్రిస్టమ్మా, ఇట్ల సూడు."

క్రిస్టీ తలెత్తింది. ఒక్క క్షణం ఓబులమ్మ ముఖంలోకి చూసింది. ఆ వెంటనే చూపు పక్కకు పోయింది.

"సేద్యం చేసే ఇంట్లో పుట్టినదాన్ని. పనికి రాకుండా వచ్చినాం అని చెప్పే కూలోళ్ళ కండ్లు శానా సూసినా. తప్పు చేసినోళ్ళు నేల సూస్తారు. నువ్వు నాతో మాట్లాడినంతసేపూ ఆ ఫ్యాను పక్క ఏంటికి సూస్తాండావు?"

క్రిస్టీ గబుక్కున చూపు నేలకు దించింది.

ఓబులమ్మ ఆమెను పక్కకు జరిపి వరప్రసాదం ముందుకు వచ్చింది. ఆయన ఎడమ మణికట్టు పట్టుకుని జేబులో నుంచి బయటికి లాగింది. పిడికిలి విప్పలేదు ఆయన. వేళ్ళ సందున సన్నగా రక్తం కనిపించింది.

"పాపం, ఎంత గట్టిగ పట్టుకున్యావో," అంది ఆమె, తన కొంగుతోనే ఆ రక్తం తుడుస్తూ. "సేతిలో ఏముండాదో సూపియ్యి. ఎన్ని దినాలు దాస్తావు? నేను వాన్ని ఎత్తి పూడ్చి వచ్చినదాన్నప్పా. ఇంకోటి మోయలేనా?"

వరప్రసాదం నోరు తెరిచాడు. ఏదో అన్నాడు కూడా. కాని ఆ మాట ఎంత మెల్లగా వచ్చిందంటే, రెక్కల చప్పుడులో కొట్టుకుపోయింది.

ఓబులమ్మ చెవి ఒగ్గింది. తల అడ్డంగా ఊపింది.

"నాకు వినపల్ల. ముందు ఆ ఫ్యాను ఆపు."

ఆ మాట అన్న మనిషి ఆమేనా అన్నట్టు క్రిస్టీ చూసింది.

వరప్రసాదం మెల్లగా నడిచిపోయాడు. ఎర్రదుమ్ము పడిన మీట మీద వేలు పెట్టి, పసుపు బొట్టు కనపడకుండా కళ్ళు మూసుకుని, నొక్కాడు. గాలి తగ్గింది. క్రిస్టీ చున్నీ కిందికి వాలింది. ఒకే బిళ్ళలా కనిపించిన రెక్కలు విడివిడిగా తేలి, ఒకటి, రెండు, మూడు అని ఎంచగలిగేంత నెమ్మదయ్యాయి. ఆఖరి రెక్క ఓబులమ్మ పక్కకు తిరిగి ఆగిపోయింది.

"ఊఁ," అంది ఓబులమ్మ. "ఇప్పుడు చెప్పు."

ఆయన పిడికిలి విప్పాడు.